అసాధ్యం లేదన్నాడు సరే, ముందు దస్తావేజు రాశాడు

అందరికీ వందనాలు. ఇవాళ బైబిల్లో యిర్మీయా ప్రవక్త గ్రంథం 32:17. "నీకు అసాధ్యమైనదేదియు లేదు." మన కోనసీమలో ఆటోల వెనకా, క్యాలెండర్ల మీదా కనపడే మాటే. వీసాకి వెళ్తూ హామీపత్రంలా చదివేస్తాం. తేడా అక్కడే వస్తోంది. ఇది ప్రార్థనలోని మాట, ఆ ప్రార్థన 16వ వచనంలో మొదలవుతుంది. ముందు జరిగింది వదిలేస్తే దీని బరువు తెలీదు.

యూదా రాజు సిద్కియా ఏలుబడి పదో ఏడు. బబులోను దండు యెరూషలేమును ముట్టడించింది. యిర్మీయా బందీ. పినతండ్రి కొడుకు హనమేలు వచ్చి, అనాతోతులో నా పొలం కొను, దగ్గర బంధువుగా దాన్ని కొని విడిపించే హక్కు నీదే అంటాడు. ఆ ఊరు నగరానికి నాలుగైదు కిలోమీటర్లే. శత్రువు తిరుగుతున్న నేల. ఆగస్టు వరదలో లంక మునిగి ఉండగా, పడవలోంచి చూపించి "ఆ రెండెకరాలూ తీసుకో" అన్నట్టుంటుంది. ఎవరు బేరమాడతారు?

ఇది దేవుడి మాటేనని గ్రహించి యిర్మీయా కొన్నాడు. 17 తులాల వెండి తూచాడు. హెబ్రీ మూలంలో ఉన్నది షెకెలు అనే తూకం, ఒక్కోటి సుమారు 11 గ్రాములు, మన పాత తులానికి దగ్గరే. పత్రం రాసి, ముద్ర వేసి, సాక్షుల చేత సంతకాలు పెట్టించాడు. ముద్ర వేసిన నకలు ఒకటి, విప్పి చదువుకునేది ఒకటి. రెండూ తన లేఖకుడు బారూకుకిచ్చి, చాలాకాలం చెడకుండా మట్టికుండలో పెట్టించాడు. ఆ తర్వాతే ప్రార్థించాడు.

కాబట్టి "దేవుడు చూసుకుంటాడులే" అని కాగితం లేకుండా కౌలుకి చేలు తీసుకుని, నష్టపరిహారం రాలేదని ఏడిస్తే, దానికి ఈ వచనాన్ని అడ్డం పెట్టుకోకండి.

ఇక ప్రార్థన చూడండి. 17 నుంచి 23 దాకా ఎక్కువగా దేవుడు చేసినవే: సృష్టి, ఐగుప్తు నుంచి విడుదల, వాగ్దాన దేశం; చివర్లో జనం ఆయన మాట వినకపోవడం. 24లో నగరాన్ని పట్టుకోవడానికి శత్రువు వేసిన ముట్టడిదిబ్బలు, కత్తి, కరవు, తెగులు. 25లో, నగరం పోతుంటే పొలం కొనమన్నావేమిటని తికమక. అంతే. "నన్ను విడిపించు" అన్న మాటే లేదు! మన ప్రార్థనల్లో ఈ పాళ్లు తలకిందులు: దేవుడి సంగతి ఒక్క ముక్క, మిగతాదంతా మన చిట్టా. ఈ వారం ఒక కాగితం తీసుకుని ఆయన చేసినవి ఏడు రాయండి, మీ కష్టం ఒక్క వాక్యంలో పెట్టండి, అర్థంకానిది అర్థంకానట్టే అడగండి.

27లో దేవుడు అదే మాటను ప్రశ్నగా తిప్పుతాడు: నాకు అసాధ్యమైనది ఉందా? వెంటనే నగరం కాలుతుందనే చెబుతాడు. అది చాలామంది బోధకులు దాటేసే చోటు. చివరికి 44లో పొలాలు కొంటారు, పత్రాలు రాస్తారు, ముద్రలు వేస్తారు, సాక్షుల్ని పెడతారు అంటాడు. ఎక్కడ? మొదట బెన్యామీను దేశం పేరే చెప్పాడు. అనాతోతు ఉన్నది అక్కడే.