లినక్స్‌లో ఖాళీగా పడున్న బటన్లకి పని చెప్పండి: కీడీ రివ్యూ

అందరికీ నమస్కారం. ఇదిగో, నా కీబోర్డ్‌లో పైన మూలకి కాలిక్యులేటర్ బటన్ ఉంది. దాంతో నాకు పనే పడలేదు. స్క్రీన్‌షాట్లు మాత్రం రోజంతా తీస్తూనే ఉంటాను. ఆ పని దీనికి అప్పజెబుదామని కూర్చున్నాను.

ముందు పాత అలవాటు కొద్దీ, కీలు మార్చే పాత టూల్ ఎక్స్‌మోడ్‌మ్యాప్ పట్టుకున్నాను. ఒక సాయంత్రం పోయింది. అది స్క్రీన్ మీద విండోలు చూపించే పాత వ్యవస్థ ఎక్స్11 కోసం చేసింది, నా డెస్క్‌టాప్ నడిచేది దాని స్థానంలో వచ్చిన వేల్యాండ్ మీద. మీరు ఆ దారిలో వెళ్ళకండి. ముందు టెర్మినల్‌లో, నొక్కిన కీ వివరాలు చూపించే ఈవీటెస్ట్ తెరిచి బటన్ నొక్కండి. స్క్రీన్ మీద చూడండి, స్కాన్ కోడ్, అంటే కీబోర్డ్ ఆ బటన్‌కి పంపే నంబర్, సీ0192, దాని కిందే కీ కాల్క్ అని వచ్చింది. అంటే లినక్స్‌కి గుండెకాయలాంటి కెర్నల్‌కి ఈ బటన్ తెలుసు, మార్చుకోవచ్చు. ఏమీ రాకపోతే అన్ని ఇన్‌పుట్ డివైజ్‌లూ ఒక్కొక్కటిగా చూడండి, ఒకే కీబోర్డ్ రెండు మూడు పేర్లతో కనిపిస్తుంది. ఎక్కడా రాకపోతే, చాలా ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ బటన్‌లాగా, అది ఫర్మ్‌వేర్, అంటే హార్డ్‌వేర్ లోపలే ఉండే ప్రోగ్రామ్, దగ్గరే ఆగిపోతోందన్నమాట. దాన్ని ఇలాంటి సాఫ్ట్‌వేర్ మార్చలేదు.

ఇప్పుడు కీడీ. ఇది వెనకాల నడిచే చిన్న సర్వీస్. కీబోర్డ్‌ని తన చేతిలోకి తీసుకుని, మార్చిన కీలని కెర్నల్‌కే తిరిగి అందిస్తుంది. అందుకే వేల్యాండ్, ఎక్స్11, ఆఖరికి ఉత్త టెక్స్ట్ కన్సోల్‌లో కూడా ఒకేలా పనిచేస్తుంది. నాకు బాగా నచ్చింది ఇదే.

ఈటీసీ కీడీ ఫోల్డర్‌లో డిఫాల్ట్ డాట్ కాన్ఫ్ ఫైల్. మెయిన్ అన్న హెడ్డింగ్ కింద ఒక్క లైన్ రాశాను: కాల్క్ ఈక్వల్స్ సిస్‌ఆర్‌క్యూ. ఇక్కడ జాగ్రత్త! 'ప్రింట్' అని రాస్తే ప్రింట్‌స్క్రీన్ రాదు, కెర్నల్ లెక్కలో అది వేరే కీ. ప్రింట్‌స్క్రీన్ అసలు పేరు సిస్‌ఆర్‌క్యూ. సేవ్ చేసి, కీడీ రీలోడ్. ఇదిగో, నొక్కుతున్నాను... వచ్చేసింది!

అసలు కీడీ బలం క్యాప్స్ లాక్ దగ్గర చూడాలి. తట్టి వదిలేస్తే ఎస్కేప్, పట్టుకుని ఇంకో కీ నొక్కితే కంట్రోల్. ఓవర్‌లోడ్ అన్న ఒక్క మాటతో అయిపోతుంది. మొదటి రెండు రోజులు వేళ్ళు తడబడ్డాయి, ఇప్పుడు ఇది లేని కంప్యూటర్ ముందు కూర్చుంటే చెయ్యి ఆడట్లేదు.

లోటు చెప్పాలంటే, బొమ్మల మెనూలు ఉండవు, అంతా ఫైల్‌లో రాసుకోవాలి. మౌస్‌తో క్లిక్ చేసుకోవాలనుకునేవాళ్ళకి ఇన్‌పుట్ రీమ్యాపర్ సరిపోతుంది. ఒక బటన్‌కి బదులు ఇంకో బటన్, అంతే కావాలంటే కీడీ కూడా అక్కర్లేదు. లినక్స్ సర్వీసులని నడిపే సిస్టమ్‌డీలో హార్డ్‌వేర్ వివరాలుండే హెచ్‌డబ్ల్యూడీబీ ఫైల్‌లో ఆ స్కాన్ కోడ్, దానికి కావాల్సిన కీ పేరు రాసుకోవచ్చు. ఆ లైన్ ముందు ఒక స్పేస్ మాత్రం తప్పనిసరి, లేకపోతే పనిచేయదు.

ఫైల్‌లో తప్పు రాసి కీబోర్డ్ మాట వినకపోతే కంగారుపడకండి. బ్యాక్‌స్పేస్, ఎస్కేప్, ఎంటర్ మూడూ కలిపి నొక్కండి. కీడీ ఆగిపోతుంది, మీ పాత కీబోర్డ్ మీకు వచ్చేస్తుంది.