ఫాల్ట్ ఉంటే నీళ్లు ఉన్నట్టేనా?

"కింద ఫాల్ట్ ఉందట, ఇంక నీళ్లకు ఢోకా లేదు." బోరు పాయింట్ చూసే చోట ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఫాల్ట్ అంటే భూమి లోపల బండ పగిలి, ఆ పగులు వెంట రెండు పక్కల రాయి జరిగిన చోటు. విన్న ప్రతిసారీ బాధేస్తుంది. ఈ మాట నమ్మి అప్పు తెచ్చి బోరు దింపేవాళ్లు ఉన్నారు మరి. ఫాల్ట్ అనగానే మనకు బండలో నోరు తెరుచుకున్న సందు, అందులో పారే నీళ్లు కళ్ల ముందు మెదులుతాయి. లోపల ఉండేది అది కాదు.

తిరగలి గుర్తు తెచ్చుకోండి. ఫాల్ట్ కూడా ఒక తిరగలే. కాకపోతే ఇందులో గింజలు పోసేవాళ్లు ఉండరు, రాళ్లే ఒకదాన్నొకటి నూరుకుంటాయి. ఇదిగో, నా దగ్గర రెండు ఇటుక ముక్కలున్నాయి. గట్టిగా అదిమి రుద్దుతున్నాను. వేళ్లకు అంటిన ఈ ఎర్రపొడి చూడండి, ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తగా ఉంది. దీన్ని తడిపి టీ వడకట్టే జాలీలో అదిమి పెట్టి, పైన నీళ్లు పోస్తున్నా. నీళ్లు పైనే నిలబడ్డాయి. కింద ఒక్క చుక్క పడటానికి ఎంతసేపు పట్టిందో చూశారా?

ఫాల్ట్ నడిమధ్య ఉండేది ఈ పిండే. దీన్ని గౌజ్ అంటారు. లక్షల ఏళ్లు నూరింది చాలదన్నట్టు, లోపలి వేడి నీళ్లు దాన్ని బంకమట్టిగా మార్చేస్తాయి. మందం కొన్ని అంగుళాలు ఉండొచ్చు, కొన్ని మీటర్లూ ఉండొచ్చు. దాన్ని దాటి అవతలికి వెళ్లడం నీళ్లకు చాలా కష్టం.

ఇప్పుడు పిండిని వదిలేసి తిరగలి రాళ్ల సంగతి చూద్దాం. అంత ఒత్తిడికి అవి కూడా నెర్రెలిస్తాయి కదా. ఫాల్ట్‌కు రెండు పక్కలా పదుల మీటర్లు, పెద్ద ఫాల్ట్ అయితే వందల మీటర్ల దాకా బండ ఇలా చిట్లిపోయి ఉంటుంది. దీని పేరు డ్యామేజ్ జోన్. రెండో జాలీలో పెంకులు వేసి నీళ్లు పోస్తున్నా, చూడండి, జర్రున దిగిపోయాయి. అంటే ఒకే ఫాల్ట్ అడ్డంగా దాటబోయే నీళ్లకు గోడ అవుతుంది, దాని వెంట నడిచే నీళ్లకు కాలువ అవుతుంది. ఈ సబ్జెక్టులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే.

కాలిఫోర్నియాలోని కోచెల్లా లోయ ఎడారి. అక్కడ థౌజండ్ పామ్స్ అనే చోట ఎండిన నేల మధ్య తాటిజాతి చెట్లు గుంపుగా పెరిగి ఉంటాయి. కొండల వైపు నుంచి భూమి లోపల వచ్చే నీళ్లకు శాన్ ఆండ్రియాస్ ఫాల్ట్ పిండి అడ్డుపడుతుంది. అవతలికి దారి లేక అవి పైకి ఉబుకుతాయి. ఆ తడి పట్టుకునే చెట్లు బతుకుతున్నాయి.

మళ్లీ మన బోరు దగ్గరికొద్దాం. ఒకే ఫాల్ట్ మీద ఇరవై మీటర్ల తేడాలో రెండు బోర్లు వేశారనుకోండి. ఒకటి పిండిలో దిగితే జిగట మట్టి వస్తుంది, గోడలు కూలుతాయి, రాడ్లు ఇరుక్కుంటాయి. ఇంకోటి చిట్లిన రాయిలో దిగితే నీళ్లు తగలొచ్చు. బండి చిమ్మే రాతి ముక్కల్ని చేతిలోకి తీసుకోండి. కొత్తగా విరిగిన గ్రానైట్ మెరుస్తుంది. ఒక ముఖం మీద తుప్పు మరక ఉంటే ఎప్పుడో అటుగా నీళ్లు నడిచినట్టు. తెల్లటి చారలు కనిపిస్తే మాత్రం జాగ్రత్త. నీళ్లు మోసుకొచ్చిన ఖనిజాలు గడ్డకట్టి ఆ నెర్రెల్ని పూడ్చేసి ఉండొచ్చు. తిరగలి మళ్లీ కదిలితే, అంటే భూకంపం వస్తే, అవి తిరిగి తెరుచుకునే అవకాశం ఉంది.

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తా. ఫాల్ట్ నీళ్లను ఆపుతుంది సరే, నీళ్లు కూడా ఫాల్ట్‌ను కదిలిస్తాయి. నెర్రెల్లో నీటి ఒత్తిడి పెరిగితే తిరగలి పైరాయి బరువు తగ్గినట్టే, చిన్న తోపుకే జారుతుంది. మహారాష్ట్రలో కోయనా డ్యామ్ నిండిన కొన్నేళ్లకే, 1967 డిసెంబర్ 11న పెద్ద భూకంపం వచ్చింది. అమెరికాలో డెన్వర్ దగ్గర సైన్యం 1962లో 3,671 మీటర్ల లోతు బావిలోకి రసాయన వ్యర్థ జలాలు పంపడం మొదలుపెట్టింది. భూమి అదరడం మొదలైంది. 1966 ఫిబ్రవరిలో ఆపేశారు. అక్కడి అతిపెద్ద భూకంపాలు మాత్రం 1967లో వచ్చాయి. పైన పంపు ఆగినా, లోపల నెర్రెల వెంట ఒత్తిడి పాకుతూనే ఉంది.

మణుగూరు దగ్గర పగిడేరు బోర్లలో వేడి నీళ్లు పైకి తన్నుకొస్తున్నాయి కదా, వచ్చే వీడియోలో అక్కడికి వెళ్దాం.