చీజ్ పళ్లెంలో ఒక చీటీ

సభకు నమస్కారం. పరిచయాలకే చాలాసేపు పట్టింది కనుక నేరుగా విషయంలోకి వస్తాను. డిసెంబరు వస్తే ఇక్కడ అమెరికాలో మన ఇళ్లలోనూ వైన్, చీజ్ పార్టీలు మొదలవుతాయి. ఏం కొనాలి, ఎంత కొనాలి, దేని పక్కన ఏది పెట్టాలి అన్నవి చెప్పమన్నారు.

ముందు లెక్క. 750 మిల్లీలీటర్ల సీసాకి, 150 చొప్పున పోస్తే ఐదు గ్లాసులు. పదిమందికి తలా రెండు గ్లాసులంటే నాలుగు సీసాలు. ఇంకొకటి చేతిలో ఉంచుకోండి. తర్వాత భోజనం ఉంటే చీజ్ మనిషికి 50, 60 గ్రాములు చాలు. చీజే భోజనమైతే 120 దాకా కావాలి. నాలుగు రకాలు మించొద్దు. అంతకంటే ఎక్కువైతే ఏ రుచీ నాలుక మీద నిలవదు.

ఇక జోడీలు. ఎర్ర వైన్ ఒక్కటి తెస్తే అన్ని చీజ్‌లకూ సరిపోతుందనుకోవడం దగ్గరే పార్టీ దెబ్బతింటోంది. కాబెర్నే సోవిన్యాన్ లాంటి ఎర్ర వైన్లలో ద్రాక్ష తొక్క, గింజల నుంచి వచ్చే టానిన్ ఉంటుంది. నోటికి తగిలే ఆ వగరు అదే. బ్రీ లాంటి మెత్తని చీజ్ తిని ఆ వైన్ తాగితే నోట్లో ఇనుము చేదు మిగులుతుంది. బాగా ముగ్గిన చెడ్డార్ పక్కన అదే వైన్ ఎంతో బాగుంటుంది. చీజ్‌లోని ప్రోటీనూ కొవ్వూ టానిన్‌ని పట్టుకుని వగరు తగ్గిస్తాయి. బ్రీకి షాంపేన్ లాంటి బుడగల వైన్ తీసుకోండి. ఆ పులుపూ బుడగలూ వెన్న జిడ్డుని కడిగేస్తాయి. మేకపాల చీజ్‌కి సోవిన్యాన్ బ్లాంక్ అనే తెల్ల వైన్. ఫ్రాన్స్‌లో లువార్ నది దగ్గర, ఆ ద్రాక్షతోనే చేసే తెల్ల సాన్సేర్ వైన్ పుట్టే నేల మీదే షవిన్యోల్ మేకపాల చీజ్ కూడా తయారవుతుంది. నీలి బూజు చీజ్‌లలో ఉప్పు ఎక్కువ, వాటికి తీపి కావాలి. రోక్‌ఫోర్ అనే నీలి చీజ్‌కి సోటెర్న్, స్టిల్టన్ అనేదానికి పోర్ట్, ఈ రెండూ తీపి వైన్లే. పోర్ట్‌లో ఆల్కహాలు 20 శాతం దాకా ఉంటుంది, 75 మిల్లీలీటర్లు మించి పోయకండి.

జోడీ ఎంత సరైనదైనా చల్లదనం సరిగ్గా లేకపోతే వృథా. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన చీజ్‌లో కొవ్వు గడ్డకట్టి ఉంటుంది, వాసన రాదు. గట్టి చీజ్‌ని గంట ముందు, మెత్తనిదాన్ని అరగంట ముందు బయట పెట్టండి. ఎర్ర వైన్ సంగతి దీనికి తలకిందులు. హీటర్ వేసిన గదిలో అది వేడెక్కి ఆల్కహాలు ఒక్కటే ముక్కుకి కొడుతుంది. పోసే ముందు ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి, 16 నుంచి 18 సెల్సియస్ డిగ్రీల దగ్గర బాగుంటుంది. తెల్ల వైన్‌కి 8 నుంచి 12.

ద్రాక్ష రకాల గురించి ఇంకా చెప్పాల్సింది ఉంది. కానీ అది పక్కన పెడుతున్నాను. మనవాళ్ల పార్టీల్లో ఎవరూ మాట్లాడని సంగతి ఒకటుంది, ఈ మైకు దొరికినప్పుడే చెప్పాలి.

పాలు విరగడానికి వాడే రెన్నెట్ సంప్రదాయంగా పాలు తాగే దూడ పొట్ట నుంచి తీసేది. ఇటలీవారి పార్మిజానో రెజ్జానో చీజ్‌కి నిబంధనల ప్రకారమే దూడ రెన్నెట్ వాడాలి. ఫ్రాన్స్‌వారి కోంతే చీజ్‌కీ అంతే. రోక్‌ఫోర్‌కి గొర్రెపిల్లది. పుట్టి బుద్ధెరిగి మాంసం ముట్టని అత్తగారికి, పక్కింటి పిన్నిగారికి మనం "చీజే కదండీ, పాలే కదా" అని పళ్లెం అందిస్తున్నాం. వాళ్లు మనల్ని నమ్మి తింటున్నారు. అమ్మా, అయ్యా, చేతులు జోడించి అడుగుతున్నాను, ఇది ఆపండి. తినాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం, కానీ తెలిసి తినాలి.

చేయాల్సింది పెద్ద పనేం కాదు. కొనేటప్పుడు అట్ట మీద పదార్థాలు చదవండి. మైక్రోబియల్ ఎంజైములు (సూక్ష్మజీవుల నుంచి తీసినవి) అనో, వెజిటేరియన్ రెన్నెట్ అనో ఉంటే శాకాహారం. ఉత్త ఎంజైములు అని ఉంటే ఈ దేశంలో అవి దేని నుంచైనా తీసినవి కావచ్చు. తెలియనిదాన్ని శాకాహారం వైపు పెట్టకండి. పాలు విరిచే ఎంజైము కైమోసిన్‌ని దూడ నుంచి కాకుండా ప్రయోగశాలలో పులియబెట్టి తీస్తారు, దానికి ఇక్కడ 1990లోనే అనుమతి వచ్చింది. అందువల్ల మంచి చెడ్డార్ శాకాహారంగా సులభంగా దొరుకుతుంది. పోర్చుగల్‌వారి సెర్రా ద ఎస్ట్రెలాని ముళ్లజాతి మొక్క పూలతో తోడేస్తారు. రెండు పళ్లేలు, రెండు కత్తులు, ప్రతి చీజ్ ముందూ పేరూ రెన్నెట్టూ రాసిన చీటీ పెట్టండి. వైన్‌కీ ఇదే చూడాలి. తేట తేలడానికి కొందరు కోడిగుడ్డు తెల్లసొన, చేప తిత్తి నుంచి తీసిన పదార్థం వాడతారు. వీగన్, అంటే జంతువుల నుంచి వచ్చినదేదీ వాడలేదని, రాసి ఉన్న సీసా తెస్తే ఆ చింత లేదు.

మిర్చి బజ్జీలు కూడా పెడతారు కనుక ఒక మాట. కారం మీద ఆల్కహాలు పడితే మంట రెట్టింపవుతుంది, 14 శాతం ఎర్ర వైన్‌తో మరీను. బజ్జీలు చీజ్ అయ్యాకే తెండి, లేదంటే కాస్త తీపిగా ఉండే రీస్లింగ్ అనే తెల్ల వైన్ పోయండి. ఆవకాయని ఆ బల్ల మీదికి రానీయకండి, తర్వాత ఏ వైనూ తెలియదు.

మిగిలిన చీజ్‌ని ప్లాస్టిక్ కవరులో బిగిస్తే చెమ్మ పట్టి అమ్మోనియా వాసన వస్తుంది. బటర్ పేపర్‌లో చుట్టండి, నీలి చీజ్‌ని వేరే డబ్బాలో పెట్టండి. ఎర్ర, తెల్ల వైన్లు బిరడా బిగించి ఫ్రిజ్‌లో ఉంచితే రెండు మూడు రోజులు ఆగుతాయి. మీ దగ్గర చీజ్ అట్టలుంటే తీసుకురండి, ఇక్కడే కలిసి చదువుదాం.