ఆరంభం కాని ఆరంభం: 1964 ఏప్రిల్ 20 నాటి బ్రిటిష్ టెలివిజన్

సభాధ్యక్షులకు, పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

అరవయ్యవ దశకపు బ్రిటిష్ టెలివిజన్‌లో ఒక రోజును తీసుకుని మాట్లాడమని నిర్వాహకులు కోరినప్పుడు, ఎంతో పేరు పొందిన ప్రసారం ఏదో నేను ఎంచుకుంటానని వారు అనుకుని ఉంటారు. నేను ఎంచుకున్నది మాత్రం వేసుకున్న కార్యక్రమాల్లో ఒక్కటైనా తెర మీదికి రాని ఒక సాయంత్రాన్ని. అది 1964 ఏప్రిల్ 20, సోమవారం. ఆ సాయంత్రం 7 గంటల 20 నిమిషాలకు లండన్‌లో బీబీసీ తన రెండో ఛానల్‌ను ప్రారంభించవలసి ఉంది.

ఆనాటి ప్రేక్షకుడి ఇంట్లో టెలివిజన్ ఎలా ఉండేదో ముందు చెప్పాలి. అప్పటికి ఉన్నవి రెండే ఛానళ్ళు. ఒకటి ప్రజలు కట్టే లైసెన్సు రుసుముతో నడిచే బీబీసీ. రెండోది ప్రకటనల ఆదాయం మీద 1955లో మొదలైన ఐటీవీ. బొమ్మ నలుపు తెలుపుల్లో, తెర మీద అడ్డంగా సాగే 405 గీతల్లో వచ్చేది. రోజుకు ఎన్ని గంటలు ప్రసారం చేయవచ్చో ప్రభుత్వం తరఫున పోస్ట్‌మాస్టర్ జనరల్ పరిమితి విధించేవారు. ఉదయం బడి పిల్లల పాఠాలు, మధ్యాహ్నం పసిపిల్లల కోసం కొద్దిసేపు ఒక బొమ్మల కార్యక్రమం, మధ్యమధ్య గంటల తరబడి సంగీతంతో పాటు కదలకుండా నిలిచే టెస్ట్ కార్డు అనే పరీక్షా చిత్రం, సాయంత్రం నుంచి అసలు సందడి, చివరికి బీబీసీలో జాతీయ గీతంతో ముగింపు. 1957 వరకైతే సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా తెర ఖాళీగానే ఉండేది; తల్లులు పిల్లలను నిద్రపుచ్చుకోవడానికి వీలుగా ఉండాలన్నది దానికి చెప్పిన కారణం. ఇంటింటి దినచర్యను ప్రభుత్వం గడియారం పెట్టి నడిపిన ఆ కాలాన్ని తలుచుకుంటే నాకు నవ్వు వస్తుంది కానీ, పిల్లలను పడుకోబెట్టడానికి తంటాలు పడే ఇప్పటి తల్లులు నవ్వరేమో.

1962లో వెలువడిన పిల్కింగ్‌టన్ కమిటీ నివేదిక ఐటీవీ కార్యక్రమాల నాసితనాన్ని తీవ్రంగా విమర్శించి, రాబోయే మూడో ఛానల్‌ను బీబీసీకే ఇవ్వాలని సూచించింది. అలా వచ్చిందే బీబీసీ 2. అయితే ఇందులో ప్రేక్షకుడి జేబుకు సంబంధించిన చిక్కు ఒకటి ఉంది. కొత్త ఛానల్ 625 గీతల పద్ధతిలో, యూహెచ్ఎఫ్ అనే మరింత ఎక్కువ పౌనఃపున్యపు తరంగాల మీద వస్తుంది కాబట్టి పాత సెట్టులో కనిపించదు. రెండు పద్ధతులనూ అందుకోగల కొత్త సెట్టు కొనాలి, ఇంటి మీద వేరే యాంటెనా బిగించుకోవాలి. ఇంత చేసినా మొదట్లో అది దొరికేది లండన్‌కూ చుట్టుపక్కల ప్రాంతాలకూ మాత్రమే. కనుక జనాన్ని ఆకట్టుకోవడానికి ప్రచారం జోరుగానే సాగింది. కడుపు సంచిలో పిల్లను పెట్టుకున్న కంగారూ బొమ్మను గుర్తుగా పెట్టుకున్నారు. తల్లి హల్లబలూ, పిల్ల కస్టర్డ్. తల్లి బీబీసీ అని, పిల్ల కొత్త ఛానల్ అని విడమరిచి చెప్పనక్కరలేదు.

ప్రారంభ సాయంత్రానికి వేసుకున్న పట్టిక చూస్తే నాకు కలగూరగంప గుర్తుకు వస్తుంది. ది ఆల్బర్ట్స్ అనే వింత హాస్య బృందం, సోవియట్ దేశం నుంచి హాస్యనటుడు అర్కాదీ రైకిన్, కోల్ పోర్టర్ సంగీత నాటకం కిస్ మీ కేట్, చివరికి బాణసంచా. ఛానల్ అధిపతి (కంట్రోలర్) మైకేల్ పీకాక్ వారంలో ఒక్కో రోజుకు ఒక్కో స్వభావం ఉండాలని పథకం వేశారు. ఆ పథకం కొన్ని నెలలకే వీగిపోయింది. పైగా, ఆ రోజుల్లో సోమవారం రాత్రి ఏడున్నర అంటే ఐటీవీలో కొరోనేషన్ స్ట్రీట్ అనే ధారావాహిక వేళ. అన్నీ సవ్యంగా జరిగి ఉన్నా, మాంచెస్టర్ కార్మికవాడ కథను వదిలి సోవియట్ హాస్యం వైపు ఎందరు తిరిగేవారో అనుమానమే.

ఆ పరీక్ష జరగనేలేదు. సాయంత్రం 6 గంటల 45 నిమిషాలకు థేమ్స్ ఒడ్డున ఉన్న బ్యాటర్‌సీ విద్యుత్ కేంద్రంలో చెలరేగిన మంటల వల్ల పశ్చిమ లండన్‌లో చాలా భాగం చీకటిలో మునిగింది. బీబీసీ టెలివిజన్ సెంటర్ ఉన్నది సరిగ్గా అక్కడే. స్టూడియోలు, కెమెరాలు, వేషాలు వేసుకుని సిద్ధంగా ఉన్న కళాకారులు, అందరూ ఒకే కప్పు కింద, ఒకే తీగ మీద ఆధారపడి ఉన్నారు. పక్కనే అదే సమయంలో ఐటీవీ ప్రసారాలకు ఏ అడ్డూ రాలేదు. లండన్‌లో వారపు రోజుల ఐటీవీని నడిపే రీడిఫ్యూజన్ సంస్థ, కావాలంటే మీ కార్యక్రమాలను మా ద్వారా ప్రసారం చేస్తామని ముందుకు వచ్చింది, బీబీసీ ఒప్పుకోలేదు. చీకట్లో కూర్చున్నవాడు పొరుగింటి దీపాన్ని వద్దన్నాడంటే అందులో పౌరుషం ఎంతో, పోటీ ఎంతో మీరే తేల్చుకోండి.

ఆదుకున్నది సొంత పాత ఇల్లే. ఉత్తర లండన్‌లో గుట్ట మీద ఉన్న అలెగ్జాండ్రా ప్యాలెస్ నుంచే 1936 నవంబరు 2న బీబీసీ తన టెలివిజన్ సేవను ప్రారంభించింది. 1964 నాటికి అక్కడ మిగిలింది వార్తా విభాగం. అక్కడ కరెంటు ఉంది. బీబీసీ 1 ప్రసారాలను అక్కడి నుంచే నెట్టుకొచ్చారు. కొత్త ఛానల్‌లో 7 గంటల 25 నిమిషాల ప్రాంతంలో వార్తలు చదివే జెరాల్డ్ ప్రీస్ట్‌లాండ్ తెర మీదికి వచ్చి జరిగింది చెప్పారు. అలా అప్పుడప్పుడూ చిన్న చిన్న ప్రకటనలతో, వార్తలతో రెండున్నర గంటలు గడిచాక, పది గంటలకు ప్రారంభోత్సవాన్ని వాయిదా వేశారు.

హైదరాబాద్ దూరదర్శన్ చూస్తూ పెరిగిన మన తరానికి ఈ దృశ్యం కొత్త కాదు. ‘అంతరాయానికి చింతిస్తున్నాము’ అన్న అక్షరాల ముందు మనం ఎన్ని సాయంత్రాలు ఓపికగా కూర్చోలేదు? తేడా ఒక్కటే, మనకు అది అలవాటు, వాళ్ళకు అది తలవంపు.

మర్నాడు ఉదయం 11 గంటలకు బీబీసీ 2లో పట్టిక ప్రకారం వచ్చిన మొట్టమొదటి కార్యక్రమం, అయిదేళ్ళలోపు పిల్లల కోసం జాయ్ విట్బీ రూపొందించిన ప్లే స్కూల్. బాణసంచాతో మొదలుకావలసిన ఛానల్ పసిపిల్లల ఆటపాటలతో మొదలైంది. ఇద్దరు వ్యాఖ్యాతలు, కొన్ని బొమ్మలు, గుండ్రంగా ఒకటి, చతురస్రంగా ఒకటి, కమాను ఆకారంలో ఒకటిగా కిటికీలు. ఏదో ఒక కిటికీలోంచి బయటి ప్రపంచంలోకి తీసుకువెళ్తారు. ఈరోజు ఏ కిటికీ అన్నదే పిల్లల ఉత్కంఠ. వ్యాఖ్యాతలు ఎదురుగా కూర్చున్న ఒక్క బిడ్డతో మాట్లాడుతున్నట్టు మాట్లాడేవారు. ఆరంభ పట్టికలోని ఆడంబరం కన్నా నాకు ఈ నిరాడంబరతే ఆ ఛానల్ చేసిన గట్టి పనిగా కనిపిస్తుంది. ఆ కార్యక్రమం బ్రిటన్‌లో 1988 దాకా నడిచింది. దాన్ని చూసి 1966లో మొదలుపెట్టిన ఆస్ట్రేలియావారు దాన్ని ఇప్పటికీ నడుపుతున్నారు.

ఆ మర్నాటి సాయంత్రం, ఏప్రిల్ 21న, అసలు ప్రారంభోత్సవం జరిగింది. తెర మీద మొదట కనిపించింది వెలుగుతున్న కొవ్వొత్తి. వ్యాఖ్యాత డెనిస్ టూహీ దాన్ని ఉఫ్‌మని ఊది ఆర్పారు. ముందురోజు ఆగిపోయిన కార్యక్రమాలు ఆ తర్వాత వచ్చాయి.

ఆ కాలంలో వీడియో టేపు ఖరీదైనది. ఒకసారి వాడినదాన్ని చెరిపి మళ్ళీ వాడేవారు, అందుకే ఆ దశకపు కార్యక్రమాలు అనేకం ఈనాడు దొరకవు. ఏప్రిల్ 20 రాత్రి ప్రసారం కూడా ఎక్కడా మిగల్లేదనే చాలాకాలం నమ్మారు. 2003లో ఒక టేపు బయటపడింది. అందులో కిస్ మీ కేట్ లేదు, రైకిన్ లేరు, బాణసంచా లేదు. బల్ల ముందు కూర్చుని, లండన్‌లో కరెంటు పోయిందన్న వార్తను చదువుతున్న జెరాల్డ్ ప్రీస్ట్‌లాండ్ ఉన్నారు.