‘ఏం లేదులే అమ్మా’
(అంతర్జాతీయ వృద్ధుల దినోత్సవం సందర్భంగా 2025 అక్టోబరు 1న విజయనగరంలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీదున్న పెద్దలకు, మహర్నవమి పూజలు ముగించుకొని, రేపటి దసరా పనులు పక్కన పెట్టి వచ్చిన అక్కచెల్లెళ్లకు నమస్కారాలు.

నిర్వాహకులు నన్ను వయోవృద్ధుల సంరక్షణ చట్టం గురించి మాట్లాడమన్నారు. 2007లో వచ్చిన ఆ చట్టం ప్రకారం, సొంత సంపాదనతో గాని ఆస్తితో గాని బతుకు వెళ్లదీయలేని తల్లిదండ్రులు ఆర్డీవో స్థాయి అధికారి నడిపే ట్రిబ్యునల్‌కు దరఖాస్తు పెట్టుకొని, పిల్లల నుంచి నెలకు 10,000 రూపాయల వరకు భరణం పొందవచ్చు. చూసుకుంటామనే షరతుతో ఆస్తి రాయించుకొని ఆ తర్వాత చూడనివారి దస్తావేజును రద్దు చేయించే వీలు కూడా అందులో ఉంది. ఆ అవసరం ఉన్నవారు సభ ముగిశాక నా దగ్గరకు రండి, దరఖాస్తు నేనే రాసిపెడతాను. 30 ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పిన చేయి ఇది, ఇంకా వణకడం లేదు.

అయితే ఏ ట్రిబ్యునలూ విచారించలేని ఒక కష్టం గురించి చెప్పుకోవాలని వచ్చాను. మా ఇంట్లో నాకు తిండికీ బట్టకూ లోటు లేదు. మా కోడలు వారానికి సరిపడా మాత్రలను పూటలవారీగా డబ్బాలో సర్ది పెడుతుంది. మా అబ్బాయి ఇంటికి రాగానే ‘అన్నం తిన్నావా అమ్మా’ అని అడుగుతాడు. వారి మనసు మంచిది. నన్ను బాధపెడుతున్నది వారి నోట వచ్చే ఒకే ఒక్క మాట: ‘ఏం లేదులే అమ్మా’.

ఏడేళ్లుగా నాకు వినికిడి తగ్గుతోంది. వయసుతో వచ్చే చెవుడు అన్ని శబ్దాలనూ ఒకేలా మింగేయదు. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉండే భాగంలోని సన్నని కేశకణాలు దెబ్బతిన్నకొద్దీ, హెచ్చు శ్రుతిలో ఉండే సన్నని శబ్దాలు ముందుగా పోతాయి. అచ్చులు వినబడతాయి గాని స, శ, త వంటి హల్లులు జారిపోతాయి. ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమంటున్నారో తెలియదు. అందుకే మా చెవి దగ్గర అరవడం వల్ల పెద్దగా ప్రయోజనం ఉండదు. అరిచినప్పుడు పెరిగేది అచ్చులే. వినికిడి యంత్రం కొంత మేలు చేసింది గాని, మాటతో పాటు మిక్సీ హోరునూ కుక్కరు కూతనూ కూడా పెంచి చెవిలో పోస్తుంది.

మొన్న జూన్ నెలలో ఒక రాత్రి భోజనాల దగ్గర మా మనవరాలు ఏదో చెప్పింది. అందరి ముఖాలూ వెలిగిపోయాయి. మా అబ్బాయి కంచంలో చేయి పెట్టినవాడు పెట్టినట్టే ఆగిపోయి నవ్వాడు. ‘ఏమిటర్రా?’ అని అడిగాను. ‘ఏం లేదులే అమ్మా, నువ్వు తిను’ అన్నాడు. నేను తిన్నాను. నాలుగు రోజుల తర్వాత పూలమ్మే ఆవిడ గుమ్మంలో నిలబడి, ‘మీ మనవరాలికి మ్యూజిక్ కాలేజీలో వయొలిన్‌కి సీటొచ్చిందటగా మామ్మగారూ’ అన్నప్పుడు గాని ఆ రాత్రి మా ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలియలేదు.

1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులుగా మొదలైన కళాశాల అది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పిన చోటు. పదేళ్ల వయసులో నేను ఆ గోడ పక్కన పుస్తకాల సంచీతో నిలబడి, లోపలి నుంచి వచ్చే సరళీ స్వరాలు విని, ఇంటికి ఆలస్యంగా వెళ్లి తిట్లు తిన్నాను. చేర్పించమని అడిగే ధైర్యం లేకపోయింది. ఆ సంగతి మా అబ్బాయికి తెలియదు. నా గురించి తనకు తెలియనిది ఉందని కూడా అతనికి తోచదు, ఎందుకంటే మేము మాట్లాడుకునేది అన్నం గురించీ మాత్రల గురించే. వెనుక వరుసలో కూర్చున్న కొడుకులనూ కోడళ్లనూ అడుగుతున్నాను: నిన్న మీ అమ్మగారు, మీ అత్తగారు ‘ఏమిటీ’ అని ఎన్నిసార్లు అడిగారు? మీరు ఎన్నిసార్లు తిరిగి చెప్పారు?

తిరిగి చెప్పడం ఎలాగో నాకు తెలిసిన ఒక మనిషికి బాగా తెలుసు. 40 ఏళ్లు మా ఎదురింట్లో ఉన్న నా స్నేహితురాలిది పొందూరు. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వి, సన్న నూలు వడికిన ఇంటి పిల్ల, చదువుకోలేదు. నాకు చెవులు మందగించాయని మా ఇంట్లోవాళ్ల కన్నా ముందు ఆమే గ్రహించింది. మాట్లాడే ముందు నా మణికట్టు మీద రెండు వేళ్లతో తడుతుంది. వెలుగు తన ముఖం మీద పడేలా అరుగు మీద ఎదురుగా కూర్చుంటుంది. నాకు అందని మాటను గట్టిగా అరవదు, మార్చి చెబుతుంది. ‘చోళ్లు’ అన్నది నాకు అందకపోతే, ‘అదేనమ్మీ, అంబలి కాచుకుంటామే, అవి’ అంటుంది. ఒక్కసారి కూడా ‘ఏం లేదులే’ అనలేదు.

రెండేళ్ల కిందట ఆమె కొడుకు దగ్గరికి శ్రీకాకుళం వెళ్లిపోయింది. ఫోనులో నాకు ముఖం కనబడదు, పెదవులు కనబడవు. మా స్నేహం దాదాపు ఆగిపోయింది. ఈ ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమైంది గదా. ఆధార్ కార్డు కొంగున ముడేసుకొని, చార్జీ డబ్బుల కోసం ఎవరినీ చేయి చాచి అడగకుండా, ఆమె మూడుసార్లు వచ్చింది. 70 దాటిన ఆడది ‘వెళ్లొస్తాను’ అని మాత్రమే చెప్పి ఇల్లు కదలగలగడం ఎంత గొప్ప సంగతో, చార్జీ కోసం అడిగి మానుకున్నవారికే తెలుస్తుంది.

రెండోసారి వచ్చినప్పుడు తాటిరొట్టె తెచ్చింది. అది తుంచుకుంటూ మా మనవరాలిని పిలిచి, ‘ఏటి గుంటా, మీ నాయనమ్మ ఎనకాల నిలబడి మాట్లాడతావు? ఇలా ముందుకొచ్చి కూకో’ అంది. ఆ పిల్ల వచ్చి కూర్చుంది, నా మణికట్టు తట్టింది, తన గురువుగారు వయొలిన్ కమాను పట్టుకోవడం ఎలా నేర్పుతున్నారో దీపాలు పెట్టేదాకా చెప్పింది. గోడ పక్కన నిలబడిన సంగతి నేను మొదటిసారి ఆ సాయంత్రమే చెప్పాను.

వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ముందురోజు, సోమవారం జరిగే తొలేళ్ల ఉత్సవం నాటికే నా స్నేహితురాలు బస్సు దిగుతుంది. పూజారిని కూర్చోబెట్టిన పొడవాటి మాను, ఆ సిరిమాను, తిరిగే వేళ డప్పుల మోతలో ఆమె మాట కూడా నాకు వినబడదు, చేయి పట్టుకొని నిలబడతాం. మర్నాడు పొద్దున మాత్రం అరుగు మీదే ఉంటాం. అటుగా వెళ్లేవారు ఆగి పలకరించండి. కాస్త ఎదురుగా, వెలుతురులో నిలబడి పలకరించండి.