‘అస్సలు వాడలేదండీ’ అంటే నమ్మొచ్చా? పాత వాయిద్యాల కొనుగోలుపై ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. ఇవాళ్టి ఫోన్-ఇన్‌లో పాత వాయిద్యాల గురించి మాట్లాడుకుందాం. ఆన్‌లైన్లో, వాట్సాప్ గ్రూపుల్లో అమ్మకానికి పెడుతుంటారు కదా, ఆ రాసిన నాలుగు ముక్కలు చదివి సరుకు ఎలా ఉందో కనిపెట్టడం ఎలా? వాయిద్యాల మరమ్మతులు చేసే మాస్టారు మనతో ఉన్నారు. నమస్కారం మాస్టారూ.

మాస్టారు: నమస్కారమండీ. కాల్స్ తీసుకునే ముందు ఒక్క మాట. ‘అస్సలు వాడలేదు’ అని రాసి ఉంటే సంతోషపడకండి, అనుమానించండి. మనుషులు మసలని ఇల్లు పాడుపడ్డట్టే, వాయించని వాయిద్యం పాడవుతుంది.

యాంకర్: మొదటి కాల్ హనుమకొండ నుంచి. చెప్పండి.

కాలర్ (హనుమకొండ): సార్, నేను బీటెక్ చదువుతున్నాను. అకూస్టిక్ గిటార్ ఒకటి చూశాను. ‘గుడ్ కండిషన్, మైనర్ స్క్రాచెస్’ అని పెట్టారు. నాలుగు వేలు.

మాస్టారు: గీతల సంగతి వదిలెయ్ బాబూ, గీతలకి శ్రుతితో పని లేదు. తీగలు ఎంత ఎత్తులో ఉన్నాయో తెలుసా?

కాలర్: ఫొటోలో బానే కనిపిస్తున్నాయి సార్.

మాస్టారు: ఎదురుగా తీసిన ఫొటోలో అది తెలియదు. 12వ ఫ్రెట్, అంటే మెడ మీది పన్నెండో లోహపు పట్టీ దగ్గర స్కేలు ఆనించి పక్క నుంచి ఫొటో తీసి పంపమను. లావు తీగ కింద రెండు, రెండున్నర మిల్లీమీటర్లుంటే సరే. నాలుగు దాటితే వేళ్లు నొప్పెట్టి నెలకే మూలన పెడతావు. తీగలు బిగించే బ్రిడ్జి వెనక అంచు కింద కాగితం దూరుతుందేమో కూడా అడుగు. దూరిందంటే జిగురు వదిలినట్టే.

కాలర్: ట్రస్ రాడ్ తిప్పితే సరిపోతుందని అతనే అన్నాడు సార్.

మాస్టారు: అంత తేలికైతే అతనే తిప్పి అమ్మొచ్చుగా? ట్రస్ రాడ్ అంటే మెడ లోపలి కడ్డీ, అది మెడ వంపుని సరిచేస్తుంది. లేచిపోయిన బ్రిడ్జిని కూర్చోబెట్టదు.

యాంకర్: థాంక్యూ. తర్వాతి కాలర్ రాజమండ్రి నుంచి. నమస్కారమమ్మా.

కాలర్ (రాజమండ్రి): నమస్కారమండీ. మాస్టారూ, మా పాప ఏడో తరగతి. రెండేళ్ల నుంచి వీణ నేర్చుకుంటోంది. ఇంతవరకు టీచరు గారింట్లో వీణ మీదే సాధన. ఇక సొంత వీణ కొనమన్నారావిడ. మా వారేమో కీబోర్డు కొంటే చవక కదా అంటారు. మా అత్తగారు మాత్రం వీణే అన్నారు, ఆవిడకి చిన్నప్పుడు నేర్చుకోవాలని ఉండేదట, అప్పట్లో వాళ్ల నాన్నగారు…

యాంకర్: అమ్మా, ప్రశ్న అడగండి.

కాలర్: అదేనండీ వస్తున్నా. ఒకాయన ప్రకటన పెట్టారు. ‘బొబ్బిలి ఏకాండి వీణ, 30 ఏళ్ల నాటిది, అటక మీద భద్రంగా ఉంచాం, వాడలేదు, తీగలు మాత్రం మార్చుకోవాలి’ అని. రెండు ఫొటోలున్నాయి. కొనొచ్చా?

మాస్టారు: అమ్మా, మీరు చదివినదాంట్లో నాకు నచ్చనివి రెండున్నాయి. అటక ఒకటి, వాడకపోవడం రెండోది. వీణకి 24 మెట్లుంటాయి కదా, అవి వేటి మీద కూర్చుంటాయి? మైనం మీద. తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి, కరిగించి దండి అనే పొడవాటి కర్ర మీద పోసి, చెవితో శ్రుతి చూసుకుంటూ ఒక్కో మెట్టూ నిలబెడతారు. మన ఎండాకాలం అటక మీద వేడెంతుంటుందో మీకు తెలుసు. మైనం మెత్తబడుతుంది, మెట్లు కుంగుతాయి, పక్కకి ఒరుగుతాయి. చలికాలం మళ్లీ గట్టిపడుతుంది. ఇలా 30 ఏళ్లు. చివరికి పెళుసెక్కి పగుళ్లిస్తుంది. అప్పుడు కొత్త తీగలు వేస్తే ఏం లాభం? శ్రుతి పలకదు. మొత్తం మైనం తీసేసి మళ్లీ మేళం కట్టించాలి, అంటే మెట్లన్నీ కొత్తగా నిలబెట్టించాలి. అది వేలల్లో ఖర్చు. ‘తీగలు మాత్రం’ అన్న ఆ ‘మాత్రం’ దగ్గరే అసలు ఖర్చు దాక్కుంది.

కాలర్: అయ్యో. అంటే వద్దంటారా?

మాస్టారు: వద్దనలేదమ్మా. మేళం కట్టించే ఖర్చు ధరలో తగ్గించుకోండి అంటున్నాను. మైనం పోయినా పోసుకోవచ్చు. కర్ర పోతేనే కష్టం. కాబట్టి కర్ర గురించి అడగండి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో చేసే ఏకాండి వీణలో గుండ్రటి కుండ, దండి, యాళి బొమ్మ ఉండే వైపు మెడ అంతా ఒకే పనస మొద్దు నుంచి తొలుస్తారు. అతుకు వీణైతే కుండకీ దండికీ మధ్య కీలు ఉంటుంది. అక్కడ నగిషీ పట్టీ వేసి కప్పేస్తారు కాబట్టి పైనుంచి తెలియదు. వీణని బోర్లించి, వెనక వైపు కుండా దండీ కలిసేచోట దగ్గరగా ఫొటో తియ్యమనండి. కర్ర చారలు తెగకుండా సాగితే ఏకాండి.

కాలర్: అతుకు వీణ అయితే పనికిరాదా?

మాస్టారు: ఎందుకు పనికిరాదు? మంచి అతుకు వీణలు బోలెడున్నాయి. కాకపోతే ఏకాండి ధర పెట్టి అతుకు వీణ కొనకూడదు. ఇంకోటి, తీగల లాగుడికి అతుకు వదులై దండి పైకి లేచిందేమో చూడాలి. యాళి వైపు నుంచి కన్ను దండి మట్టానికి ఆనించి చూస్తున్నట్టు ఫోటో తీస్తే మెట్ల వరస తిన్నగా ఉందో లేదో తెలిసిపోతుంది.

కాలర్: సరేనండీ. పురుగు పట్టలేదని రాశారు. అది నమ్మొచ్చా?

మాస్టారు: పట్టలేదని ప్రత్యేకంగా రాశారా? అయితే ఎవరో ముందే అడిగి ఉంటారు. వీణని నల్లగుడ్డ మీద రెండు రోజులు ఉంచమనండి. తెల్లటి పిండి రాలితే పుచ్చు ఇంకా బతికే ఉంది. చిల్లులున్నా పిండి రాలకపోతే పాత పుచ్చు అనుకోవచ్చు, అది కొంత నయం. కుండ మీది పలక, తీగలు ఆనే గుర్రం నిలబడే చోట కుంగిందేమో పక్క నుంచి ఫోటో అడగండి.

కాలర్: అంటే మాస్టారూ, కొనొచ్చా వద్దా? ఒక్క మాటలో చెప్పండి.

మాస్టారు: ఒక్క మాటలో చెప్పేదైతే ఇంతసేపు ఎందుకు చెప్తానమ్మా? ముందు వీడియో అడగండి. సారణి, అంటే మొదటి తీగ ఒక్కటే వేయించి, కింది నుంచి పై దాకా 24 మెట్లూ నెమ్మదిగా మీటమనండి. వాళ్లకి రాకపోతే వచ్చినవాళ్ల చేత మీటించమనండి. ఎఫెక్టులు, బ్యాక్‌గ్రౌండ్ సంగీతం ఏమీ ఉండకూడదు. ఇవాళ్టి పేపరు పక్కన పెట్టాలి.

కాలర్: పేపరు ఎందుకండీ?

మాస్టారు: ఎక్కడో దొరికిన ఫొటోలు పెట్టి అమ్మేవాళ్లున్నారు కాబట్టి. ఇంకా అడ్వాన్స్ పంపలేదు కదా?

కాలర్: వెయ్యి రూపాయలు పంపితే వేరేవాళ్లకి ఇవ్వం అన్నారండీ…

మాస్టారు: పంపకండి. వీణ చూసేదాకా రూపాయి కూడా పంపకండి.

యాంకర్: అమ్మా, మిగతా కాలర్లు వేచి ఉన్నారు. ధన్యవాదాలు. తెనాలి నుంచి చెప్పండి సార్.

కాలర్ (తెనాలి): మాకు పద్యనాటకాల బృందం ఉందండీ. హార్మోనియం అమ్మకానికి వచ్చింది. ‘జర్మన్ రీడ్లు, మూడు లైన్లు, ఈ మధ్యే శ్రుతి చేయించాం’ అని రాశారు.

మాస్టారు: ఎన్నిసార్లు శ్రుతి చేయించారో అడిగారా?

కాలర్: ఎక్కువసార్లు చేయిస్తే మంచిదే కదండీ?

మాస్టారు: కాదండీ. రీడంటే గాలికి స్వరం పలికే ఇత్తడి రేకు. దాని కొన దగ్గర గీస్తే శ్రుతి పెరుగుతుంది, మొదట్లో గీస్తే తగ్గుతుంది. గీసిన ఇత్తడి మళ్లీ రాదు. అయిదారుసార్లు గీసిన రీడు పల్చబడి, పద్యం మంచి రాగంలో ఉండగా ఠక్కున విరుగుతుంది. పై మూత తీసి రీడ్ల ఫొటో పెట్టమనండి. గీతలు, చిలుము అన్నీ కనిపిస్తాయి. జర్మన్ రీడ్లున్న పాతవి లేకపోలేదు, కానీ ప్రకటనల్లో కనిపించేటన్ని లేవు. మన దేశంలో గుజరాత్‌లోని పాలితానా రీడ్లకి మంచి పేరే ఉంది. అవైనా నాటకానికి చక్కగా సరిపోతాయి.

కాలర్: తిత్తి సంగతి?

మాస్టారు: వీడియోలో, మెట్లేవీ నొక్కకుండా తిత్తి నిండా గాలి కొట్టి వదిలెయ్యమనండి. గాలి నిలబడాలి. కూలబడిపోతే ఎలుక కొరికిందో, మడతల దగ్గర చిరిగిందో. మెట్టు నొక్కకుండానే ఏదో స్వరం మూలుగుతుంటే లోపల స్ప్రింగో మెత్తో పోయినట్టు. మీ బృందంలో కీబోర్డు ఉందా?

కాలర్: ఉందండీ.

మాస్టారు: అయితే ఇది ముఖ్యం. ఫోన్లో ట్యూనర్ యాప్ పెట్టి మధ్య స్థాయి ‘ఎ’ స్వరం నొక్కమనండి. 440 హెర్ట్జ్ దగ్గర ఉండాలి. పాత పెట్టెలు కొన్ని దానికి ఎగువనో దిగువనో ఉంటాయి. ఒంటరిగా వాయిస్తే తెలియదు, కీబోర్డు పక్కన పెడితే వినలేం.

యాంకర్: హైదరాబాద్ నుంచి తర్వాతి కాలర్.

కాలర్ (హైదరాబాద్): మాస్టారూ, ఒక వయొలిన్. లోపల లేబుల్ మీద ‘స్ట్రాడివేరియస్, 1721’ అని ఉంది. తాతగారి నుంచి వచ్చిందట. 85 వేలకి ఇస్తానంటున్నారు.

మాస్టారు: (నవ్వుతూ) 85 వేలకి స్ట్రాడివేరియస్ దొరికితే నాకూ ఒకటి చూడండి.

కాలర్: అంటే దొంగ లేబులా?

మాస్టారు: దొంగది అనక్కర్లేదు. స్ట్రాడివరి అనే ఇటలీ తయారీదారు 1737లో పోయారు. చేసినవాటిలో ఇప్పుడు మిగిలినవి, చెల్లోలూ వయోలాలూ కలిపి, 650 దాకా ఉంటాయంటారు. వాటి మీద నిపుణులు ఓ కన్నేసే ఉంచుతారు. తర్వాతి కాలంలో జర్మనీలో మార్క్‌నాయ్‌కిర్షెన్ లాంటి ఊళ్లలో ఆ నమూనాలో వయొలిన్లు విపరీతంగా చేశారు, లోపల ఆయన పేరే అతికించారు. లేబుల్ నమూనా పేరు చెబుతుంది, తయారీదారు పేరు కాదు. కింద ‘మేడిన్ జర్మనీ’ అని కూడా ఉంటే ఇక అనుమానమే వద్దు. దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలని అమెరికా చట్టం చేసింది 1890లో. అలా ముద్రించడం ఆ తర్వాత పెరిగింది.

కాలర్: అయితే పనికిరాదా?

మాస్టారు: బానే పనికొస్తుంది! వాటిలో చక్కగా పలికేవి ఉన్నాయి, కచేరీలు కూడా చేస్తారు. లేబుల్ చదవడం మానేసి చీలికలు చూడండి. అంచుల దగ్గర పలక విడిపోతే మళ్లీ జిగురు పెట్టించొచ్చు, చిన్న పని. వెనక పలక మీద, లోపల నిలబెట్టే సౌండ్ పోస్ట్ అనే చిన్న కర్ర ఆనేచోట చీలిక ఉంటే మాత్రం వదిలెయ్యండి. ‘చిన్న హెయిర్‌లైన్’ అని రాస్తారు దాన్ని.

యాంకర్: డల్లాస్ నుంచి ఒక కాలర్. అక్కడ తెల్లారిందాండీ?

కాలర్ (డల్లాస్): ఇంకా లేదండీ, అలారం పెట్టుకుని లేచాను. మా అబ్బాయికి మృదంగం. ఇండియా తిరిగి వెళ్లిపోతున్న ఫ్యామిలీ అమ్ముతున్నారు. రెండు క్లాసులకే వాడారట. లైక్ న్యూ.

మాస్టారు: ఎన్నేళ్ల కిందట ఆ రెండు క్లాసులు?

కాలర్: అది అడగలేదండీ.

మాస్టారు: అదే అడగాలి. చలికాలం ఇంట్లో హీటర్ వేస్తారు కదా, ఆ పొడి గాలికి తోలు బిగిసిపోతుంది, వార్లు పెళుసవుతాయి. ఎడమ మూత మీద పూసిన రవ్వ ముద్ద తుడవకుండా వదిలేసి ఉంటే పురుగు చేరుతుంది. కుడి మూత మీద కరణి, అంటే ఆ నల్లటి పూత రేగి ఊడుతుందేమో దగ్గరగా ఫొటో చూడండి. అన్నిటికన్నా ముందు, మీ ఊళ్లో మూతలు మార్చేవాళ్లు ఉన్నారా?

కాలర్: గురువుగారు ఇండియా నుంచి తెప్పిస్తారండీ.

మాస్టారు: అయితే మూతలకి విలువ కట్టకుండా కట్టెకే ధర ఇవ్వండి. వార్ల కింద కట్టె చీలింది ఫొటోలో కనపడదు. దగ్గర ఊరైతే కారు వేసుకుని వెళ్లి చూడండి. శ్రుతి ఎంతో కూడా గురువుగారిని అడిగి వెళ్లండి. హెచ్చు శ్రుతి కట్టె తగ్గు శ్రుతికి దిగదు.

యాంకర్: థాంక్యూ అండీ. రాజమండ్రి నుంచి ఇందాకటి అమ్మగారు మళ్లీ లైన్లో ఉన్నారు. క్లుప్తంగా అమ్మా.

కాలర్ (రాజమండ్రి): మాస్టారూ, మీరు చెప్తుండగానే ఆయనకి వాట్సాప్ పెట్టాను. వెనక వైపు ఫొటో వచ్చింది. చారలు సాగుతూనే ఉన్నాయండీ!

మాస్టారు: మంచిదేనమ్మా.

కాలర్: కాకపోతే ‘అంచుకి ఉన్న తెల్లపని ఏనుగు దంతం, అందుకే ధర పెంచాను’ అన్నారు.

మాస్టారు: అమ్మో. నిజంగా దంతమైతే అది అమ్మడమే నేరం. వన్యప్రాణి చట్టం 1972 నాటిది, 1991 సవరణతో దంతం వ్యాపారమే ఆపేశారు. తాతల నాటిదన్నా సరే. ప్లాస్టిక్ అయితే మీకు అబద్ధం చెబుతున్నట్టు. ఏదైనా దానికి అదనంగా డబ్బివ్వకండి. దంతమో కాదో రాతపూర్వకంగా చెప్పమనండి, ఏమంటారో చూద్దాం.

కాలర్: వీడియో అడిగితే, తను ఆర్మీలో ఉన్నానని, బదిలీ అయిందని, ట్రాన్స్‌పోర్ట్ ఖర్చు పంపితే ప్యాక్ చేసి పంపేస్తానని…

మాస్టారు: ఆగండమ్మా. ఐడీ కార్డు ఫొటో కూడా పంపాడా?

కాలర్: పంపారండీ. క్యూఆర్ కోడ్ కూడా.

మాస్టారు: ఇక ఆ వీణ సంగతి మర్చిపోండి. ఆర్మీ పేరు చెప్పుకునే మోసం ఇది, ఆ ఫొటో కూడా ఎవరి వీణదో. డబ్బు పంపి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. పంపలేదు కదా?

కాలర్: మా వారు ఇందాక… ఒక్క నిమిషం అండీ. ఏమండీ! ఏమండీ, పంపారా?

యాంకర్: అమ్మా, లైన్లో ఉన్నారా? కట్ అయింది. వార్తలకి సమయం అయింది. మాస్టారూ, ధన్యవాదాలు.

మాస్టారు: ఆవిడ నంబరు మీ దగ్గరుంటే ఒకసారి కలపండి, నేను బయట మాట్లాడతాను.