పండగ వచ్చినా నిలిచే అలవాటు: ఆరోగ్య ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. త్వరగా బరువు తగ్గిస్తామని చెప్పే ఆహార పద్ధతుల గురించి మీ సందేహాలకు జవాబు చెప్పడానికి పోషకాహార నిపుణురాలు డాక్టర్ గారు ఈ రోజు మనతో ఉన్నారు. మొదటి ఫోన్ తెనాలి నుంచి వచ్చింది. చెప్పండమ్మా.

శ్రోత (తెనాలి): నమస్కారం డాక్టర్ గారూ. నేను ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. నిరుడు వేసవిలో ఒక వీడియో చూసి అన్నం, చపాతీ, పండ్లు పూర్తిగా మానేసి, కొబ్బరినూనె, గుడ్లు, మాంసం, పనీర్‌తోనే గడిపాను. మొదటి వారంలోనే నాలుగు కిలోలు తగ్గేసరికి ఇంట్లో అందరికీ నమ్మకం కుదిరింది. బడులు తెరిచాక నా ఒక్కదానికీ వేరే వంట చేసుకోలేక మానేశాను. దసరా నాటికి తగ్గిన బరువంతా తిరిగి వచ్చేసింది. నాకే పట్టుదల లేదేమో అనిపిస్తోంది.

డాక్టర్: ముందుగా ఆ చివరి మాటను మనసులోంచి తీసేయండమ్మా. మీ పట్టుదలలో లోపం లేదు, మీరు ఎంచుకున్న పద్ధతికి మీ ఇంటి వంటలో చోటు లేదు. మన శరీరం పిండిపదార్థాన్ని గ్లైకోజెన్ రూపంలో కాలేయంలోనూ కండరాల్లోనూ దాచుకుంటుంది, ఒక్కొక్క గ్రాము గ్లైకోజెన్‌తో పాటు సుమారు మూడు గ్రాముల నీటిని కూడా నిలుపుకుంటుంది. అన్నం ఒక్కసారిగా మానేస్తే ఆ నిల్వ కరిగి నీరు బయటికి పోతుంది కనుక, మొదటి వారంలో తూకం గబగబా పడిపోతుంది. తిరిగి అన్నం తిన్న కొద్ది రోజులకే ఆ నీరు మళ్లీ చేరుతుంది. ఆ మొదటి వారాల తూకాన్నే ఫలితంగా చూపించి జనాన్ని ఆశపెట్టడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. సరే, మీ ఇంట్లో మధ్యాహ్న భోజనం ఎలా వడ్డించుకుంటారో చెప్పండి.

శ్రోత (తెనాలి): అందరి ఇళ్లలో లాగే నండి. ముందు పప్పు, తరువాత కూర, ఆ పైన చారు, చివర పెరుగు.

డాక్టర్: పదార్థం మారినప్పుడల్లా కంచంలోకి కొత్తగా అన్నం వస్తుంది కదా? నాలుగుసార్లు కొంచెం కొంచెంగా వడ్డించుకోవడం వల్ల మొత్తం ఎంత తిన్నామో మనకు తెలియదు. కాబట్టి మీరు అన్నం మానకండి, వడ్డన క్రమం మార్చండి. తినబోయే అన్నమంతా ఒకేసారి కంచంలో పెట్టుకుని, దాన్నే నాలుగు భాగాలుగా సర్దుకోండి. కూర నంజుకునేంత కాక, అన్నంతో సమానంగా వేసుకోండి, పప్పు కాస్త గట్టిగా వండండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో, రోజుకు 2,000 కేలరీలు అవసరమయ్యే వారికి ధాన్యాలు 250 గ్రాములు, ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400 గ్రాములు, పప్పులు లేదా మాంసాహారం 85 గ్రాములు అని సూచించారు. ఆ 250 గ్రాములు వండకముందు తూచిన లెక్క, అందులో ఉదయం తినే ఇడ్లీలోని బియ్యం కూడా కలుస్తుంది. ధాన్యం కన్నా కూరగాయలు ఎక్కువగా ఉన్న కంచం మన ఇళ్లలో ఎంత అరుదో మీకు తెలుసు. ఈ మార్పుకు వేరే వంట అక్కర్లేదు, సంక్రాంతికి చుట్టాలు వచ్చినా మానవలసిన పని లేదు. నెలకు ఒక కిలో తగ్గినా చాలని అనుకోండి.

వ్యాఖ్యాత: తరువాతి ఫోన్ కరీంనగర్ నుంచి.

శ్రోత (కరీంనగర్): నమస్తే మేడం. మా బాపుకు పదేళ్లుగా షుగర్ ఉంది, మాత్రలు వేసుకుంటున్నారు. అన్నం మానేసి కొన్ని వారాలు ద్రవాహారం మీదే ఉంటే షుగర్ పూర్తిగా పోతుందని ఎవరో చెప్పారట, సోమవారం నుంచి మొదలుపెడతానంటున్నారు.

డాక్టర్: దయచేసి సోమవారం మొదలుపెట్టనివ్వకండి. కొన్ని మాత్రలు ఇన్సులిన్‌ను ఎక్కువగా విడుదల చేయిస్తాయి. మాత్ర మోతాదు అలాగే ఉంచి తిండి తగ్గిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోయి చెమటలు, వణుకు, మైకం వస్తాయి, స్పృహ తప్పవచ్చు కూడా. పేరు చివర ‘గ్లిఫ్లోజిన్’ అని ఉండే మాత్రలు చక్కెరను మూత్రంలోకి పంపిస్తాయి. అవి వాడుతూ పిండిపదార్థం పూర్తిగా మానేస్తే కొవ్వు కరిగేటప్పుడు పుట్టే కీటోన్లు అనే ఆమ్ల పదార్థాలు రక్తంలో పేరుకుపోయే ముప్పు ఉంది. అప్పుడు గ్లూకోమీటర్‌లో అంకె పెద్దగా పెరగకపోవచ్చు కనుక, ఇంట్లో వాళ్లు దాన్ని చూసి అంతా బాగానే ఉందనుకుంటారు. వాంతులు, ఆయాసం కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. మాత్రల చీటీ తీసుకుని ముందుగా మీ డాక్టరు దగ్గరికి వెళ్లండి, ఆహారం మార్చదలచుకుంటే మోతాదు కూడా ఆయనే మారుస్తారు. ఈలోగా భోజనం చేయగానే పడుకోకుండా, పది పదిహేను నిమిషాలు నెమ్మదిగా నడవమని చెప్పండి. భోజనం తరువాత పెరిగే చక్కెరను ఆ చిన్న నడక కూడా కొంత తగ్గిస్తుంది.

శ్రోత (హైదరాబాద్): డాక్టర్ గారూ, నేను సాఫ్ట్‌వేర్ సంస్థలో రాత్రి షిఫ్టులో పనిచేస్తాను. ఏటా జనవరిలో జిమ్‌కు ఏడాది డబ్బు కడతాను. రోజుకు పదివేల అడుగులు, వరుసగా ఇరవై ఒక్క రోజులు అని నియమం పెట్టుకుంటాను. మధ్యలో రెండు రోజులు తప్పితే ఇక వెళ్లబుద్ధి కాదు.

డాక్టర్: ఆ రెండు అంకెలే మిమ్మల్ని ఓడిస్తున్నాయి బాబూ. పదివేల అడుగుల లెక్క, 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల లెక్కింపు పరికరం పేరుతో ప్రచారమైంది, దాని వెనుక వైద్య పరిశోధన లేదు. అమెరికాలో వయసు మళ్లిన మహిళలపై జరిపి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, దాదాపు 7,500 అడుగుల తరువాత అదనపు మేలు కనిపించలేదు. మీ వయసు వేరు కనుక ఆ అంకెను నియమంగా పట్టుకోకండి, పదివేలు పూర్తికాకపోతే రోజంతా వృథా అయిందని మాత్రం అనుకోకండి. ఇక అలవాటు సంగతి. లండన్‌లో జరిగిన ఒక అధ్యయనంలో కొత్త పని అలవాటుగా స్థిరపడడానికి కొందరికి 18 రోజులు పడితే, మరికొందరికి 254 రోజులు పట్టవచ్చని లెక్క తేలింది, మధ్యస్థం 66 రోజులు, అంటే సగం మందికి అంతకన్నా తక్కువ, సగం మందికి ఎక్కువ. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు పెద్దగా దెబ్బతినలేదని కూడా అందులోనే గమనించారు.

శ్రోత (హైదరాబాద్): మరి కట్టిన డబ్బు సంగతి ఏం చేయమంటారు?

డాక్టర్: వారాంతపు సెలవులు రెండు రోజులూ జిమ్‌కు వెళ్లి బరువులతో వ్యాయామం చేయండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కండరాల వ్యాయామం వారానికి కనీసం రెండు రోజులు చేయమంటోంది కనుక ఆ లెక్క సరిపోతుంది. వారానికి 150 నిమిషాల చురుకైన నడక కూడా కావాలి. షిఫ్టు ముగిశాక క్యాబ్ మిమ్మల్ని ఎక్కడ దింపుతుంది?

శ్రోత (హైదరాబాద్): అపార్ట్‌మెంటు గేటు దగ్గరేనండి.

డాక్టర్: అయితే లిఫ్టు ఎక్కకముందే, అదే బూట్లతో ఆవరణలో అరగంట వేగంగా నడిచి పైకి వెళ్లండి. ఇంట్లో అడుగుపెట్టి మంచం చూశాక మళ్లీ కిందికి దిగడం ఎవరికైనా కష్టం. ఒక రోజు వానకో అలసటకో తప్పిపోతే మర్నాడు గంట నడవకండి, ఆ అరగంటే నడవండి.